నోరులేని బిడ్డకు జబ్బు చేసినప్పుడు

(శ్రీకాకుళంలో కుక్కల్ని పెంచుకునేవాళ్ళు ఒక ఆదివారం ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరుగారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. అమ్మా, మీ ఒళ్ళో ఉన్న బుడ్డోడికి నీళ్ళు కావాలేమో, అక్కడ ఫిల్టర్ ఉంది. సరే.

నేను రిటైరైనా ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆ ఫోన్లలో సగం ఒకేలా మొదలవుతాయి. "డాక్టరుగారూ, ఏమనుకోకండి, మా కుక్క విషయం..." ఎందుకండీ ఏమనుకోవడం? ఇంట్లో మనిషికి జ్వరం వస్తే ఎవరైనా "ఏమనుకోకండి" అని మొదలుపెడతారా? మరి దీనికెందుకు? ఎందుకంటే, ఆ ఫోన్ చేసేలోపే ఇంట్లో ఒకరు, వీధిలో ఇద్దరు, ఆఫీసులో నలుగురు "కుక్కే కదా" అనేసి ఉంటారు. ఆ మాట విని విని, తన బాధ తనకే తప్పులా అనిపించి, నాకు ఫోన్ చేస్తారు. ఇవాళ నేను చెప్పదలచుకున్న మందులూ జాగ్రత్తలూ ఉన్నాయి, చెప్తాను. కానీ ముందు ఇది తేల్చుకుందాం. మీకు కలిగే బాధ పెద్దది. దాన్ని చిన్నది చేసి ఎవరికీ చూపించక్కర్లేదు, మీకు మీరు కూడా.

ఇదేదో పట్నం పోకడ, డబ్బున్నవాళ్ళ ముచ్చట అంటారు కొందరు. నేను ఉద్యోగమంతా పల్లెల్లో చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, జీడితోటలు నేలమట్టమైపోయాయి. ఆ తర్వాతి రోజుల్లో మేము పలాస చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళల్లో తిరుగుతున్నాం. ఒకాయన ఇంటికి పైకప్పు లేదు. గోడ కింద నడుం దెబ్బతిని పడిపోయిన ఆవు పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి అడిగిన మొదటి మాట, "డాట్రు బాబూ, ఇది లెగుస్తాదా?" అంతే. నష్టపరిహారం గురించి మేమే అడిగి రాసుకోవలసి వచ్చింది. ఆయన్ని పట్నం పోకడ అంటారా ఎవరైనా? ఎద్దు చచ్చిపోతే ఆ పూట పొయ్యి వెలిగించని ఇళ్ళు నేను చూశాను. నోరులేని జీవాన్ని ఇంటి మనిషిగా చూడటం మన దగ్గర కొత్తగా వచ్చింది కాదు. కుక్క ఇంట్లోకి, మంచం దగ్గరికి రావడం మాత్రం కొత్త, అంతే.

సరే, విషయానికి వద్దాం. మొదటి రోజు.

డాక్టరు రిపోర్టు చూసి ఒక జబ్బు పేరు చెప్తాడు. ఆ పేరు విన్న తర్వాత ఆయన చెప్పే మిగతా మాటలేవీ మన చెవికెక్కవు. ఇది అందరికీ జరుగుతుంది. అందుకే ఒక్కరే వెళ్ళొద్దు. ఇద్దరు వెళ్ళండి, ఒకరు కుక్కని పట్టుకోండి, ఒకరు కాగితం మీద రాసుకోండి. ఇది నయమయ్యే జబ్బా, లేక దీనితో కలిసి బతకాల్సిన జబ్బా? ఈ ఒక్క ప్రశ్నా తప్పకుండా అడగండి, ఎందుకంటే ఈ రెండింటికీ మనం సిద్ధపడే తీరు వేరు. ఇంకోటి, అర్ధరాత్రి ఏం జరిగితే పరిగెత్తుకు రావాలి, ఏం జరిగితే తెల్లారేదాకా ఆగొచ్చు? ఇది అడిగి రాసుకున్నవాళ్ళకి రాత్రి కాస్త నిద్రపడుతుంది. అడగనివాళ్ళు ప్రతి దగ్గుకీ లేచి కూర్చుంటారు.

ఆ రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పదిమందికి పంపకండి. ఒకరు కొబ్బరినూనె అంటారు, ఒకరు పసుపు అంటారు, ఇంకొకరు "మా కజిన్ వాళ్ళ కుక్కకి ఇదే వచ్చింది, వారంలో పోయింది" అంటారు. ఆ మూడో మాట విని మీరు రెండు రోజులు అన్నం తినరు. కుక్క మాత్రం బాగానే తింటూ ఉంటుంది.

ఒక్క రిపోర్టు చూసి ఆశ వదులుకోకండి. ఇది ఎందుకు చెప్తున్నానో వినండి. కిడ్నీ సంగతే తీసుకుందాం. మన జిల్లాలో క్రియాటినిన్ అనే మాట, అదే కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె, విడమరిచి చెప్పక్కర్లేదు కదా? వేరే ఊళ్ళల్లో డాక్టర్లు దీనికి పది నిమిషాలు పాఠం చెప్పుకోవాలి. ఇక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో చదువురాని ముసలమ్మ కూడా "నాకు నాలుగు పాయింట్లుందయ్యా" అంటుంది. కుక్కల్లో కూడా అదే పరీక్ష. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. 1.4 లోపుంటే మొదటిది, 2.8 దాకా రెండోది, 5 దాకా మూడోది, 5 దాటితే నాలుగోది. కానీ ఈ దశలు ఎప్పుడు లెక్కపెట్టాలి? కుక్క ఒంట్లో నీళ్ళు సరిగా ఉండి, కాస్త నిలకడగా ఉన్నప్పుడు. నాలుగు రోజులు వాంతులై, ఒళ్ళు ఎండిపోయి వచ్చిన కుక్కకి రక్తం తీస్తే అంకె ఎక్కువే వస్తుంది. సెలైన్ పడ్డాక మళ్ళీ చూస్తే దిగొచ్చు. ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్, వచ్చినా ఒక్కసారిగా పెరిగిపోతుంది. వెంటనే వైద్యం అందితే చాలా కుక్కలు కోలుకుంటాయి. అందుకని మొదటి రిపోర్టు అంకె పట్టుకుని గూగుల్లో వెతుక్కుంటూ కూర్చోవద్దు. రెండో రిపోర్టు దాకా ఆగండి.

అదే ముసలితనం వల్లనో, పాత జబ్బుల వల్లనో మెల్లగా వచ్చిన కిడ్నీ జబ్బయితే, అది వేరు. కిడ్నీల పని నాలుగింట మూడు వంతులు పోయేదాకా ఈ క్రియాటినిన్ పైకి కనిపించదు. కనిపించేసరికే ఆలస్యమైనట్టు. అందుకే మీరు ముందే గమనించలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఎవరికీ కనిపించని జబ్బది. కాస్త నీళ్ళెక్కువ తాగుతుంది, కాస్త ఒంటేలుకి ఎక్కువసార్లు వెళ్తుంది. మన ఎండలకి నీళ్ళెక్కువ తాగితే అనుమానం ఎవరికొస్తుంది?

ఉద్దానం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు ఒకసారి. వాళ్ళన్నయ్యకి డయాలసిస్ జరుగుతోంది. కుక్కకీ కిడ్నీలే. నా ముందు కూర్చుని కుక్క రిపోర్టు చేతికివ్వడానికి మొహమాటపడుతున్నాడు. "అన్నయ్య అలా ఉంటే దీని కోసం తిరుగుతున్నానని మావాళ్ళు తిడుతున్నారు సార్" అన్నాడు. ఏం చెప్పాలి అలాంటివాడికి? ఒకటి చెప్పాను. ఆ కుక్క రోజూ ఎవరి మంచం కింద పడుకుంటోందని అడిగాను. అన్నయ్య మంచం కిందే. ఇంక ఆ కుక్కకి మందు తెస్తే అన్నయ్యకి తెచ్చినట్టు కాదా? ఇంకో మాట కూడా చెప్పాను, అది మీకూ చెప్తున్నాను. ఉద్దానంలో మనుషులకొచ్చే కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో పెద్ద ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ పెట్టారు. మనుషుల జబ్బుకీ కుక్క జబ్బుకీ ముడిపెట్టి, కుక్క వల్ల అన్నయ్యకి వచ్చిందనో, ఇంటి నీళ్ళ వల్ల ఇద్దరికీ వచ్చిందనో ఇంట్లో గొడవలు పెట్టుకోకండి.

ఇప్పుడు గోమార్ల గురించి, అదే పిడుదులు. మీ అందరికీ వీటి మీద కోపం ఉంది, నాకూ ఉంది. మన కోస్తా ఉక్కకి ఇవి ఏడాది పొడుగునా బతుకుతాయి. కుక్క ఒంటి మీదున్నవి తీసేసి బకెట్లో వేసి, అయిపోయిందనుకుంటాం. గోడ పగుళ్ళలో, మంచం సందుల్లో, మెట్ల కింద ఉన్నవాటి సంగతేంటి? రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి దిగి గోడ సందులో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి మందూ, ఇంటికి మందూ రెండూ ఒకేసారి పడాలి. ఇవి కుట్టి ఎర్లిషియా అనే సూక్ష్మజీవిని రక్తంలోకి ఎక్కిస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కొన్నిటికి ముక్కులోంచి రక్తం కారుతుంది. అది చూసిన మనిషికి కాళ్ళూ చేతులూ ఆడవు, నాకు తెలుసు. కానీ దీనికి మందుంది. డాక్సీసైక్లిన్ అని, మామూలు మందే, ఖరీదు కూడా ఎక్కువ కాదు. సాధారణంగా నాలుగు వారాలు వాడమంటాం. ఏం జరుగుతుందంటే, అయిదో రోజుకి కుక్క లేచి తోకాడిస్తుంది. వెంటనే మందు ఆపేస్తారు! తగ్గిపోయిందిగా అని. ఆ సూక్ష్మజీవి ఎక్కడికీ పోదు, లోపల దాక్కుని నెలలకో ఏళ్ళకో ఎముకల్లోని మూలుగనీ కిడ్నీల్నీ పట్టుకుంటుంది. అప్పుడు వచ్చే జబ్బుకి నేను చెయ్యగలిగింది చాలా తక్కువ. కాబట్టి తోక చూసి మందు ఆపొద్దండీ, దయచేసి. చెప్పినన్ని రోజులూ, అన్నం పెట్టాక, నీళ్ళతో.

కేన్సర్ అనే మాట విన్నా అంతే, గుండె ఆగినంత పనవుతుంది. అన్నీ ఒకటి కావు. వీధికుక్కల్లో, వీధిలో తిరిగే పెంపుడు కుక్కల్లో జననాంగాల దగ్గర ఒక గడ్డ వస్తుంది, చూడటానికి భయంకరంగా ఉంటుంది, రక్తం కారుతూ. చాలామంది దాన్ని చూసే కుక్కని వదిలేస్తారు. అది వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్‌తో నాలుగైదు వారాల్లో కరిగిపోతుంది చాలావాటికి. ఆడకుక్కలకి పొదుగులో వచ్చే గడ్డలు మాత్రం అలా కావు, చిన్న బఠాణీ గింజంత ఉన్నప్పుడే చూపించాలి.

ఇంట్లో సేవ చెయ్యడం గురించి ఇప్పుడు కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే రోజులు గడవాల్సింది అక్కడే. డాక్టరు దగ్గర గడిపేది పావుగంట.

మా ఇంట్లో బుజ్జి అని ఒక కుక్క ఉండేది. ఆమదాలవలస స్టేషన్ దగ్గర దొరికిన వీధికుక్క, ఒక చెవి సగం లేదు. దానికి కిడ్నీలు పాడయ్యాయి. కుక్కలకి డయాలసిస్ దేశంలో ఎక్కడో కొన్ని పెద్ద ఊళ్ళల్లో తప్ప లేదు, ఉన్నా ముసలికుక్కకి అన్నాళ్ళు చేయించలేం. ఇంట్లో చెయ్యగలిగింది చర్మం కింద సెలైన్ ఎక్కించడం. ఇది నరానికి కాదు, చర్మం కిందకి. అందుకే ఇంట్లోవాళ్ళకి నేర్పించొచ్చు, నేను చాలామందికి నేర్పించాను. మా ఆవిడే చేసేది రోజూ. సెలైన్ సీసాని ముందు గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో కాసేపు పెట్టేది, చల్లగా ఎక్కితే కుక్క వణుకుతుంది కాబట్టి. కిటికీ ఊచకి సీసా కట్టేది. బుజ్జి తన గోనెపట్టా మీద పడుకునేది. రెండు భుజాల మధ్య చర్మం వదులుగా ఉంటుంది చూడండి, దాన్ని బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పైకి లాగితే చిన్న గుడారంలా లేస్తుంది. ఆ గుడారంలోకి సూది. సూది గుచ్చిన క్షణం బుజ్జి ఒకసారి తల తిప్పి చూసేది, మళ్ళీ పెట్టేసుకునేది. అక్కడే ఇంత మూపురం లేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు కంగారుపడతారు. ఏం పర్లేదు, కొన్ని గంటల్లో అదే ఒంట్లోకి ఇంకిపోతుంది, కొన్నిసార్లు ముందుకాలి దాకా జారుతుంది కూడా. ఆ ఎక్కుతున్నంతసేపూ మా ఆవిడ దాని నుదురు నిమురుతూ కూర్చునేది, ఆ రోజు కూరేంటో, ఎవరొచ్చారో అన్నీ చెప్పేది. నేను చూసింది ఏంటంటే, మా ఆవిడ ఏడుపు ఆగింది ఆ పని చేతికొచ్చాకే. చేతులకి పనుంటే మనసుకి కాస్త ఊపిరాడుతుంది. ఎంత ఎక్కించాలి, ఎన్నిసార్లు అనేది మాత్రం డాక్టరు చెప్పాలి. గుండె జబ్బున్న కుక్కకి ఇది ప్రమాదం, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అడక్కుండా ఎవరూ మొదలుపెట్టొద్దు.

తిండి. "తినట్లేదు డాక్టరుగారూ" అని ఏడుస్తారు. మన ఇళ్ళల్లో తినకపోవడమంటే అన్నిటికన్నా పెద్ద భయం. తినకపోతే చాలు, నలుగురు చేరి నోరు తెరిచి కుక్కుతారు. అలా చెయ్యకండి. కిడ్నీ జబ్బున్న కుక్కకి కడుపులో వికారంగా ఉంటుంది, పెదాలు నాక్కుంటుంది, గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెళ్ళిపోతుంది. దానికి కావలసింది వికారం తగ్గే మందు. ముందు అది వెయ్యండి, అరగంటో గంటో ఆగి అన్నం కాస్త గోరువెచ్చగా చేసి చేత్తో పెట్టండి. వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది. పడుకోబెట్టి సిరంజితో గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, గుర్తుపెట్టుకోండి. ఎముకలు వద్దు, గుడ్డు పెట్టాలనుకుంటే తెల్లసొన పెట్టండి, పచ్చసొనలో భాస్వరం ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర వద్దు, ఏ కుక్కకీ వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ అసలే వద్దు. గుళ్ళో ప్రసాదం తెచ్చి పెడతారు ప్రేమగా, అందులో కిస్‌మిస్ ఉంటుంది, ఏరెయ్యండి.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తాను. కుక్క కుంటుతోందని, మూలుగుతోందని మనం వేసుకునే నొప్పి బిళ్ళలు వెయ్యొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇవి కడుపులో పుండ్లు పెట్టి రక్తపు విరేచనాలు తెప్పిస్తాయి, ఉన్న కిడ్నీల్ని కూడా తినేస్తాయి. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చాడు అంటారు. అతన్ని ఎందుకు అడిగారు? కుక్కలకి వాడే నొప్పి మందులు వేరే ఉన్నాయి.

రేబిస్ గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. కుక్క దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, నీళ్ళు మింగలేక అవస్థ పడుతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెడతారు. పెట్టొద్దు! టీకా వెయ్యని కుక్కయితే అసలే పెట్టొద్దు. దాన్ని ఒక గదిలో ఉంచి తలుపేసి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి. చొంగ పుండు మీద పడినా, పన్ను గీరుకున్నా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకాకి వెళ్ళండి. ఎంత ప్రేమ ఉన్నా, లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి వైద్యం లేదు. ఎలుక జ్వరం కూడా మనుషులకి అంటుతుంది, ఆ కుక్క ఒంటేలు కడిగేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి.

డబ్బు. దీని గురించి ఎవరూ నోరు విప్పరు, కానీ ఇంట్లో గొడవంతా దీని గురించే. భర్తకి తెలీకుండా గాజు తాకట్టు పెట్టినావిడ నాకు తెలుసు. నేను చెప్పేది ఒకటే, మీ దగ్గర ఎంతుందో డాక్టరుకి మొదటే చెప్పండి. ఇందులో సిగ్గుపడేదేం లేదు. అయిదు పరీక్షలు రాయగలిగిన చోట, ముఖ్యమైన రెండు ముందు చేయించి చూద్దాం అని ఆలోచించే దారి డాక్టరుకి అప్పుడే దొరుకుతుంది. ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించుకోండి, అక్కడ కుక్కల్ని చూడరని కొందరు అనుకుంటారు, చూస్తారు. పశువుల అంబులెన్సు నంబరు 1962, అందరూ ఫోన్లో వేసుకోండి. విజయనగరం వైపు వాళ్ళకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మరీ క్లిష్టమైతే విశాఖ వెళ్ళాలి, కానీ రోగంతో ఉన్న కుక్కని ఎండలో మూడు గంటలు కారులో తిప్పడం దానికి ఎంత బాధో కూడా లెక్కలో వేసుకోండి. తెల్లవారుజామున బయల్దేరండి.

డబ్బులేక వైద్యం చేయించలేకపోవడం వేరు, వదిలెయ్యడం వేరు. నాగావళి వంతెన దగ్గర మెడలో బెల్టుతో సహా వదిలేసిన కుక్కల్ని నేను చూశాను. ఒళ్ళంతా పుండ్లు, ప్రతి బైకు వెనకా కాస్త దూరం పరిగెత్తి ఆగిపోతాయి. తమవాళ్ళ బైకేమో అని. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం తిండికీ నీళ్ళకీ అలమటించేలా జంతువుని వదిలెయ్యడం నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. వైద్యం చేయించలేకపోతే ఇంట్లోనే ఒక మూల ఉండనివ్వండి, గిన్నెడు నీళ్ళు పెట్టండి, మీ గొంతు వినపడేలా ఉంచండి. దానికి అది చాలు. నిజంగా చాలు.

సేవ చేసేవాళ్ళ అలసట గురించి ఎవరూ అడగరు. రాత్రి రెండుకి లేపుతుంది, నాలుగుకి లేపుతుంది, పొద్దున్నే బడికో బ్యాంకుకో వెళ్ళాలి. ఒక టీచరమ్మ "ఇంట్లో పెద్దాయనకి బాగోలేదు" అని చెప్పి సెలవు పెట్టుకుంది. కుక్కకని చెప్తే నవ్వుతారని. పాపం, ఆ అబద్ధం ఆవిణ్ణి ఇంకా ఒంటరిదాన్ని చేసింది, ఎందుకంటే తోటి టీచర్లు "పెద్దాయన ఎలా ఉన్నారు" అని అడిగితే నిజమైన సమాధానం చెప్పుకోలేకపోయింది. మీ చుట్టూ ఒక్కరినైనా చూసుకోండి, నిజం చెప్పుకోగలిగిన మనిషిని. ఈ హాల్లోనే ఇంతమంది ఉన్నారు, ఒకరి ఫోన్ నంబర్లు ఒకరు తీసుకోండి వెళ్ళేముందు. ఇంట్లో వంతులు వేసుకోండి. ఒకరోజు రాత్రి ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు. మీకూ బీపీలూ షుగర్లూ ఉన్నాయి కదా? మీ మందులు మర్చిపోయి దాని మందులు వేస్తున్నారు కొందరు.

ఇంక ఇప్పుడు కష్టమైన మాట. ఎప్పుడు చాలు అనుకోవాలి?

కుక్క నొప్పి పుట్టిన ప్రతిసారీ ఏడవదు. ఎక్కువకాలం ఉండే నొప్పికి చాలావరకు ఏడవదు. అరవట్లేదు కాబట్టి నొప్పి లేదు అనుకోకండి. పడుకున్నచోట కుదురుకోలేక అటూ ఇటూ మారుతుంది, కూర్చునే ఓపిక లేక నిలబడే తూగుతుంది, మెట్ల దగ్గర ఆగిపోతుంది, తాకితే ముఖం తిప్పుకుంటుంది, విశ్రాంతిగా ఉన్నా వగరుస్తుంది. నేను అందరికీ చెప్పేది, దానికి బాగా ఇష్టమైనవి ఒక మూడు రాసుకోండి ఇప్పుడే, ఇంకా బాగున్నప్పుడే. మీ స్కూటర్ చప్పుడుకి గేటు దగ్గరికి రావడం, బిస్కెట్ పాకెట్ చప్పుడుకి చెవులు నిక్కబొడవడం, సాయంత్రం వీధి చివరిదాకా వెళ్ళి వాసన చూసి రావడం, ఏదైనా సరే. గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, తిథులు ఉన్నది, దాంట్లో రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టండి. ఆ మూడిట్లో ఒకటైనా చేసిన రోజు ఒక గుర్తు, చెయ్యని రోజు వేరే గుర్తు. ఎందుకంటే మన మనసు నిన్నటి మంచి గంటని పట్టుకుని వేలాడుతుంది, అంతకుముందున్న నాలుగు చెడ్డ రోజుల్ని మర్చిపోతుంది. క్యాలెండర్ మర్చిపోదు. చెడ్డ గుర్తులు వరసగా నిండుతుంటే, ఆ క్యాలెండర్ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడం పాపం కదా అని అడుగుతారు. ముఖ్యంగా పెద్దవాళ్ళు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యను, మా అమ్మది కూడా అదే నమ్మకం. తనంతట తాను వెళ్ళాలి అని మీ ఇంట్లో అనుకుంటే, నొప్పి తెలీకుండా మందులిచ్చి కడదాకా చూసుకోవచ్చు, దానికీ డాక్టరు సాయం ఉంటుంది, అడగండి. కానీ నా సంగతి అడిగితే నేను నా మాట చెప్తాను. "మీ కుక్కయితే ఏం చేస్తారు?" అని అడుగుతారు కదా నన్ను? ఊపిరందక మూడు రోజులు కొట్టుకునే జీవాన్ని చూస్తూ కూర్చోవడం పుణ్యమని నేను అనుకోలేదు. మా బుజ్జికి నేనే ఇచ్చాను ఆ ఇంజెక్షన్. మా ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది.

ఎలా జరుగుతుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది, చెప్తాను. ముందు మత్తు ఇస్తారు, ఏ ఆపరేషన్‌కైనా ఇచ్చేలాంటిదే. అది నిద్రలోకి వెళ్ళాక, నరంలోకి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తారు. గుండె ఆగుతుంది, నిమిషాల్లో. కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి. తర్వాత ఒకటి రెండుసార్లు ఒళ్ళు ఊపిరి తీసినట్టు కదలొచ్చు, ఒంటేలు పడొచ్చు. అది బతికుందని కాదు. ఇవి ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు "ఇంకా బతికే ఉందేమో" అని జీవితమంతా అనుకుంటారు. పక్కన ఉండగలిగితే ఉండండి, ఉండలేకపోతే బయట కూర్చోండి. ఉండలేకపోయినవాళ్ళకి ప్రేమ తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు.

పిల్లలకి నిజం చెప్పండి. "ఊరికి పంపించేశాం", "తోటలో వదిలాం" అని చెప్పకండి. ఒక చిన్నపిల్ల ప్రతి సెలవులకీ "తాతగారి తోటకి వెళ్దాం, స్నూపీని చూద్దాం" అని అడుగుతూనే ఉండేదని వాళ్ళమ్మ నా దగ్గర ఏడ్చింది. జబ్బు చేసింది, డాక్టరు చూశాడు, తగ్గలేదు, చనిపోయింది. ఈ నాలుగు మాటలూ అయిదేళ్ళ పిల్లకి అర్థమవుతాయి. పూలు వేయించండి, మట్టి వేయించండి.

పాతిపెట్టడం మన సొంత జాగాలో అయితే నాలుగడుగుల లోతు తియ్యండి, నుయ్యికీ బోరుకీ దూరంగా. సున్నం చల్లండి, పైన రాళ్ళు పెట్టండి, వానకి మట్టి జారితే వీధికుక్కలు తవ్వుతాయి. కొత్త కుక్కపిల్లని వెంటనే తెచ్చుకోవాలా వద్దా అంటే అది మీ మనసు. ఒకటి మాత్రం చూసుకోండి. పోయింది పార్వోతో, అదే వాంతులూ రక్తవిరేచనాలూ తెప్పించే వైరస్ జబ్బుతో అయితే, ఆ వైరస్ ఇంట్లో, పెరట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. బ్లీచింగ్ నీళ్ళతో నేలంతా కడిగినా మట్టిలో మిగులుతుంది. టీకాలన్నీ పూర్తికాని పిల్లని ఆ ఇంట్లోకి తెస్తే రెండోసారి అదే బాధ. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే అదీ తిండి మానేస్తుంది కొన్నాళ్ళు, దాన్ని కూడా చూడండి, వాకింగ్ వేళ మార్చకండి.

చెప్పాలనుకున్నవి అయిపోయాయి. ఇప్పుడు మీరు అడగండి. ఇందాక గుండె జబ్బు కుక్క అన్నప్పుడు వెనక వరసలో ఒకమ్మ చెయ్యెత్తారు, ముందు మీరు. ఆ తర్వాత లాబ్రడార్ రిపోర్టు తెచ్చిన బాబు, నువ్వు ఇలా రా, ఫోన్లో వద్దు, ఆ కాగితమే ఇవ్వు, అక్షరాలు కనపడవు నాకు.